పోటు దిగాక రండి

(వన్యప్రాణి వారోత్సవాల సందర్భంగా కాకినాడలో ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినబడుతోందా? సరే.

ముందు ఒక చిన్న లెక్క తీసుకుందాం. ఈ హాల్లో తిరుపతి వెళ్లొచ్చినవాళ్లు చెయ్యెత్తండి. అందరూ ఎత్తారు. అరకు? సగం పైనే. ఊటీ? పర్లేదు, పాతిక ముప్పై చేతులు లేచాయి. మరి మన కోరింగ అభయారణ్యం, అదే, సముద్రపు పోటు నీళ్లలో పెరిగే మడ అడవి? ... పదకొండు. అందులో ముగ్గురు ఫారెస్టు వాళ్లే, యూనిఫారం కనబడుతూనే ఉంది. వాళ్లని తీసెయ్యాలి. (నవ్వులు) అంటే ఎనిమిది మంది.

యానాం రోడ్డు ఎక్కితే అరగంట. తాళ్లరేవు చుట్టాలింటికి ఆ రోడ్డునే వెళ్తాం. చొల్లంగి అమావాస్యకి తెల్లారుజామునే లేచి స్నానానికి వెళ్లేదీ అటే. బస్సులో ఎడమచేతి వైపు కిటికీ దగ్గర కూచుంటే దూరంగా పచ్చటి గీత ఒకటి కనబడుతూ ఉంటుంది. అదేవిటో చూద్దామని దిగం. ఎందుకు దిగమో నాకు తెలుసు. నేనూ ఈ ఊళ్లో ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ల దాకా దిగలేదు. జువాలజీ చెప్పేదాన్ని అయ్యుండీ!

ఇవాళ అడవిని కాపాడండి అని చెప్పడానికి రాలేదండీ. ఆ మాట ముప్పై ఏళ్లు క్లాసులో చెప్పాను, పిల్లలు నోట్సు రాసుకున్నారు, పరీక్షలో మార్కులూ వచ్చాయి. ఇవాళ అడిగేది ఒక్కటే. వెళ్లండి. మీ ఊరికి దగ్గరున్న అడవికి, ఒకసారి కాదు, పదిసార్లు వెళ్లండి.

చాలామందికి ఒక అనుమానం ఉంది. అభయారణ్యం అంటే మనం వెళ్లకూడని చోటు కదా, గేటు దగ్గర బోర్డు ఉంటుంది కదా అని. బోర్డు ఉంటుంది నిజమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు అంటుంది. కానీ ఆ అనుమతి ఎందుకెందుకు ఇవ్వొచ్చో కూడా అదే చట్టం చెబుతుంది. పరిశోధనకి, ఫొటోలు తీసుకోవడానికి, ఇంకా పర్యాటకానికి. 28వ సెక్షన్‌లో ఆ మాట ఉంది. చట్టం మనల్ని బయటికి నెట్టలేదు, తలుపు తట్టి రమ్మంది, అంతే. కోరింగలో ఆ తలుపు తట్టడమంటే గేటు దగ్గర టిక్కెట్టు కొనుక్కోవడం.

నా మొదటి ప్రయాణం గురించి చెప్తాను. అది ఫెయిల్యూరు కథ.

అరవై మంది డిగ్రీ పిల్లల్ని తీసుకుని బస్సులో వెళ్లాం. పులిహోర పొట్లాలు, ఒక క్రికెట్ బ్యాటు, అంత్యాక్షరి. వెళ్లేసరికి పోటు మీద ఉంది నీరు. చెట్ల మొదళ్లు సగం మునిగిపోయి, ఎటు చూసినా గోధుమరంగు నీళ్లే. పిల్లలు "మేడం, ఏదీ అడవి?" అన్నారు. నేను పుస్తకంలో ఉన్నదంతా చెప్పుకుంటూ పోయాను. శ్వాసవేర్లు ఇలా ఉంటాయి, బురద చేపలు అలా గెంతుతాయి అని. ఒక్కటీ కనబడలేదు, అన్నీ నీళ్ల కింద ఉన్నాయి. ఒక అబ్బాయి చెప్పు నీళ్లలో పడి కొట్టుకుపోయింది. ఆ రోజు వాడు చూసిన వన్యప్రాణి ఆ చెప్పు ఒక్కటే. (నవ్వులు)

తిరుగు దారిలో అక్కడ పడవ నడిపే ఆయన నా మొహం చూసి ఒక మాట అన్నాడు. "పోటులో వచ్చారమ్మా. పోటు దిగాక రండి, మేం చూపిస్తాం." ఎమ్మెస్సీ చదివిన నాకు తట్టనిది ఆయనకి రోజూ కళ్ల ముందుండే సంగతి.

రెండోసారి ఆరుగురమే వెళ్లాం. నీరు తీసేసింది. మొదటిసారి నేను చూసినదీ ఇదీ ఒకటే చోటంటే నమ్మలేకపోయాను. నేలంతా బురద, ఆ బురదలోంచి లక్షల కొద్దీ పెన్సిళ్లు గుచ్చిపెట్టినట్టు వేర్లు నిక్కబొడుచుకుని ఉన్నాయి. అవి మడచెట్టు ముక్కులండీ. బురదలో గాలి ఆడదు కాబట్టి వేరు పైకి వచ్చి ఊపిరి తీసుకుంటుంది. తెల్లమడ ఆకు ఒకటి వంచి, తెంపకూడదు, వంచి, వెనకవైపు వేలితో రుద్ది నాలిక్కి రాసుకోండి. ఉప్పగా ఉంటుంది. వేరుతో తాగిన ఉప్పునీటిలోంచి ఉప్పుని ఆకులోంచి కక్కేస్తుంది. ఎండలో చూస్తే ఆకు మీద చిన్న చిన్న పలుకులు మెరుస్తుంటాయి.

ఇక్కడొక జాగ్రత్త. నేను ఆ ఉత్సాహంలో పక్క చెట్టు ఆకు కూడా వంచబోయాను. పడవాయన గట్టిగా అరిచాడు. "అమ్మా, అది తిల్ల!" తిల్లచెట్టు పాలు కంట్లో పడితే చూపు పోయేంత పని చేస్తుంది. రెండూ పక్కపక్కనే ఉంటాయి. అందుకని స్థానికులు లేకుండా, నాకంతా తెలుసు అనుకుని దిగకండి.

బురద దగ్గర పది నిమిషాలు కదలకుండా నించోవాలి. మొదటి రెండు నిమిషాలు ఏమీ ఉండదు. మన అడుగుల చప్పుడుకి అన్నీ బొరియల్లో దూరిపోతాయి. మూడో నిమిషంలో ఒక పీత తొంగి చూస్తుంది. తర్వాత పది, తర్వాత వంద. మగ పీతకి ఒక డెక్క దాని ఒంటికి మించినంత పెద్దది, రెండోది ఇంత. ఆ పెద్దదాన్ని పైకెత్తి, దించి, పైకెత్తి, దించి, రారా రమ్మని పిలుస్తున్నట్టు ఊపుతుంది. ఆడ పీతకి రెండు డెక్కలూ చిన్నవే. అది వాటి వంక చూసీ చూడనట్టు బురద తింటూ పోతుంది. మా పిల్లలకి ఈ భాగం బాగా అర్థమైంది. (నవ్వులు)

ఇంకా, నీళ్లలో ఉండాల్సిన చేప గట్టు మీద కూచుని ఉంటుంది. ముందు రెక్కల మీద ఒళ్లు ఆనించి పాకుతుంది, తోకతో తన్ని గెంతుతుంది. చర్మం తడిగా ఉన్నంతసేపు దానికి బయట కూడా ఊపిరి ఆడుతుంది. రెండు మగవి ఎదురుపడితే వీపు మీది రెక్క జెండాలా లేపుతాయి. కళ్లు తల మీద కప్ప కళ్లలా ఉంటాయి, ఆరిపోకుండా అప్పుడప్పుడూ లోపలికి లాక్కుని తడుపుకుంటుంది. చేప కన్ను ఆర్పడం నేను మొదటిసారి చూసింది కోరింగ బురదలోనే.

ఇంక మునక్కాయల్లా వేలాడే వాటి సంగతి. ఉప్పుపొన్న చెట్టుకి పొడుగ్గా, ఆకుపచ్చగా వేలాడుతుంటాయి. కాయలు అనుకుంటాం. కావు, మొలకలు. విత్తనం తల్లి కొమ్మ మీద ఉండగానే మొలకెత్తేస్తుంది. ఉప్పునీళ్లలో రాలి మొలకెత్తడం కష్టం కనుక, తల్లి దగ్గరే పెరిగి, అప్పుడు ఊడి బురదలో నిటారుగా గుచ్చుకుంటుంది. పోటులో పడిందా, తేలుకుంటూ ఇంకో చోటికి పోతుంది. నేను క్లాసులో దీనికి ఇంగ్లీషులో ఉన్న పొడుగాటి పేరు బోర్డు మీద రాసేదాన్ని. మా అమ్మని తీసుకెళ్లినప్పుడు ఆవిడ ఒక్క మాట అంది, "పుట్టింట్లో పురుడు పోసుకున్నట్టు ఉంది." ఆ తర్వాత క్లాసులో నేనూ అదే చెప్పడం మొదలుపెట్టాను.

పోటు టైము ఎలా తెలుస్తుందని అడుగుతారు. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఇవాళ వచ్చిన టైము కంటే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పున్నమిలకి పోటు బాగా పైకొస్తుంది, తీసినప్పుడు బాగా లోపలికి పోతుంది. అంటే బురద ఎక్కువ బయటపడుతుంది. అష్టమికి అటూ ఇటూ నీరు పెద్దగా కదలదు. అష్టమినాడు ప్రయాణం వద్దనే పెద్దవాళ్ల మాట మిగతా వాటికి ఎలా ఉన్నా, మడ అడవికి మాత్రం పనికొస్తుంది. (నవ్వులు) క్యాలెండర్లో తిథి చూసుకోండి, ముందురోజు పడవ వాళ్లని అడగండి. పాత లైట్‌హౌస్ వైపు పడవ వెళ్లాలంటే మళ్లీ పోటు కావాలి, లేకపోతే కాలవలో నీళ్లు చాలవు. బురద చూడాలా, పడవ ఎక్కాలా అన్నది ముందే అనుకుని బయల్దేరాలి.

ఇంత దూరం చెప్పాక, ఈ బురద గొడవ మనకెందుకు అనే పెద్దమనిషి ఒకాయన ఎప్పుడూ ఉంటారు. ఆయన కోసం కాస్త చరిత్ర.

కోరంగి, అంటే ఈ కోరింగ అడవికి పేరిచ్చిన ఊరు, ఒకప్పుడు పెద్ద రేవు. ఓడలు కట్టిన ఊరు. మనవాళ్లు బర్మాకి పోయిన రేవుల్లో అదొకటి. రంగూన్‌లో తెలుగువాళ్లందరినీ, ఏ జిల్లా వాళ్లయినా సరే, కోరంగీలు అనే పిలిచారు. ఆ ఊరిని 1789లో సముద్రం ముంచింది, మూడు పెద్ద అలలు వచ్చాయని, 20 వేల మంది దాకా పోయారని రాశారు. 'సైక్లోన్' అనే మాటని పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ ఈ కోరంగి ఉత్పాతం గురించి రాసినాయనే. మళ్లీ 1839 నవంబరులో ఇంకో తుపాను. దాంతో రేవు పని అయిపోయింది. మనకి బాగా గుర్తున్నది 1996 నవంబరు 6. ఈ హాల్లో నలభై దాటినవాళ్లకి ఆ రాత్రి గాలి చప్పుడు ఇంకా చెవుల్లో ఉండే ఉంటుంది. కోనసీమ కొబ్బరితోటలు పడుకుండిపోయాయి. వేటకెళ్లిన పడవలు చాలా తిరిగి రాలేదు.

మడ అడవి గాలిని ఆపలేదు, అబద్ధం చెప్పను. కానీ ఉప్పెనగా వచ్చే నీటి ఊపుని ఆ వేర్ల చిక్కు తగ్గిస్తుంది. ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపార జిల్లాలో ఊరూరా లెక్క తీశారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ ఎక్కువున్న ఊళ్లలో చావులు తక్కువ.

ఉప్పెన ఎప్పుడో వస్తుంది, పండుగప్ప ప్రతి ఆదివారం మార్కెట్‌కి వస్తుంది. పండుగప్ప, మండపీత, రొయ్య, వీటన్నిటి చిన్నతనం మడవేర్ల మధ్యే గడుస్తుంది. పెద్ద చేపలు దూరలేని సందులు అవి. మీరు కిలోకి ఎంత ఇస్తున్నారో నాకు తెలుసు, బేరం ఆడే ముందు వాటి నర్సరీ స్కూలు ఒకసారి చూసి రండి.

1978లో దీన్ని అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద గీత గీసినంత మాత్రాన కట్టెలు కొట్టడం ఆగదు కదా. పక్క ఊళ్లవాళ్లకి పొయ్యిలోకి కట్టెలూ, గేదెలకి మేతా అందులోంచే వచ్చేవి. మడ పోయి బీడైపోయిన చోట్ల ఎమ్మెస్ స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు ఊరివాళ్లతోనే కలిసి కాలవలు తవ్వించారు. మధ్యలో ఒక పెద్ద కాలవ, అటూ ఇటూ ఏటవాలుగా చిన్నవి, పైనుంచి చూస్తే అచ్చం చేపముల్లు. ఆ కాలవల్లో పోటు ఎక్కి దిగుతుంటే ఉప్పు కడిగిపోయి మొలకలు నిలదొక్కుకున్నాయి. ఆ పనిచేసిన ఊళ్లలో పిల్లలు ఇవాళ టిక్కెట్లు చించుతున్నారు, పడవ నడుపుతున్నారు, చెక్క వంతెన మీద దారి చూపిస్తున్నారు. మనం వెళ్తే వాళ్లకి ఆ రోజు కూలి గిడుతుంది. వెళ్లకపోతే? ఆ కుర్రాడు హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డుగా చేరతాడు. నాకు తిల్ల ఏదో, తెల్లమడ ఏదో చెప్పిన ఆ కళ్లు అపార్టుమెంటు గేటు దగ్గర కూచుంటాయి.

మొన్న ఒక కుర్రాడు నాతో వాదించాడు. "మేడం, మీరే జనాన్ని పిలుస్తారు, వాళ్లు చెత్త చేశాక మీరే తిడతారు. అసలు ఎవర్నీ రానివ్వకపోతే సరిపోదా?" ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లిందండీ. 2012 జులైలో పులుల అభయారణ్యాల నడిబొడ్డున పర్యాటకం ఆపమని మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అక్టోబరులో, కొత్త నిబంధనలు పెట్టాక, తీసేశారు. ఆ నిబంధనల్లో ఒకటి, కోర్ ప్రాంతంలో 20 శాతానికి మించి పర్యాటకులు తిరగకూడదని. నాకు ఇది న్యాయంగానే అనిపిస్తుంది. మన ఇంట్లో మాత్రం చుట్టాలకి అన్ని గదులూ తెరుస్తామా? హాల్లో కూచోబెట్టి కాఫీ ఇస్తాం. నల్లమలలో జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు మూసేసేదీ అందుకే. వానల్లో వాటి కాపురాలు వాటికుంటాయి.

అతను అన్నదాంట్లో నిజం కూడా ఉంది. శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద కారు ఆపి కోతులకి అరటిపళ్లు విసురుతాం. పుణ్యం అనుకుంటాం. ఆ కోతి అడవిలో తిండి వెతుక్కోవడం మానేసి రోడ్డు మీద కూచుంటుంది, వెనక వచ్చే బస్సు కింద పడుతుంది. ఆ పుణ్యం ఎవరి ఖాతాలో వేస్తారో చిత్రగుప్తుడికే తెలియాలి. కోరింగలో ఇంకో రకం. చెక్క వంతెన మీద బ్లూటూత్ స్పీకరు పట్టుకొచ్చి డీజే పాటలు. ఒకసారి నేను నీటికుక్కల కోసం ముప్పావు గంట కూచున్నాను. నీళ్లలో తలలు లేచాయి, ఒకటి, రెండు, నాలుగు. పిల్లల్ని వెంటేసుకుని ఒక కుటుంబం మొత్తం. అప్పుడే వెనకాల పాట మొదలైంది. నాలుగు తలలూ మాయం. నాకొచ్చిన కోపం మీకు చెప్పలేను. కానీ ఆ కుర్రాళ్ల దగ్గరికి వెళ్లి, "ఇదిగో ఇక్కడ నీటికుక్కలు ఉన్నాయి, పాట ఆపితే మళ్లీ రావొచ్చు" అంటే, "అవునా ఆంటీ?" అని ఆపేశారు. ఇరవై నిమిషాలు నాతో పాటు కూచున్నారు. నీటికుక్కలు రాలేదు. కుర్రాళ్లు మాత్రం నా నంబరు తీసుకున్నారు, తర్వాత రెండుసార్లు నాతో వచ్చారు కూడా. వాళ్లకి అక్కడ ఏముందో చెప్పినవాళ్లే లేరు.

అడవి అంటే పులే కావాలనే పిచ్చి ఒకటి మనకి ఉంది. సఫారీ దిగి "ఏమీ కనబడలేదు" అని మొహం మాడ్చుకుంటారు. ఏమీ అంటే పులి అని. అప్పటిదాకా చూసిన దుప్పి, నెమలి, ఆ దారి చెప్పిన చెంచు కుర్రాడు లెక్కలోకి రారు. కోరింగకి పులి లేదు, బావురుపిల్లి ఉంది. ఇంటి పిల్లికి రెండింతలుంటుంది, నీళ్లలోకి దూకి చేపని పట్టుకునే పిల్లి. నేను ఇన్నేళ్లలో దాని పాదముద్ర మాత్రమే చూశాను, బురద మీద, మధ్యాహ్నం, అప్పుడే వచ్చే పోటు చెరిపేసే ముందు. అది రాత్రి తిరిగేది, మనం పగలు వెళ్లేవాళ్లం. నాకేం బాధ లేదు.

కాకినాడ వాళ్లే కాదు, ఈ మాట ఎవరికైనా చెప్తాను. హైదరాబాద్‌లో మా అమ్మాయి ఉండే చోట కేబీఆర్ పార్కులో రోజూ వాకింగ్ చేసేవాళ్లని అడగండి, అది చట్టప్రకారం జాతీయ ఉద్యానవనం అని ఎంతమందికి తెలుసో. నెల్లూరు వైపు వాళ్లకి నేలపట్టు ఉంది, గూడబాతులు చెరువులో చెట్ల మీద గూళ్లు పెడతాయి, వాటి రెట్టలు కలిసిన నీళ్లు పొలానికి ఎరువని అక్కడి రైతులే వాటిని కాపలా కాస్తారు. కర్నూలు వైపు రోళ్లపాడు బట్టమేక పిట్ట కోసం పెట్టిన అభయారణ్యం. ఇప్పుడు అక్కడ ఆ పిట్ట కనబడటమే గగనం. గడ్డినేల కదా, బీడు కింద లెక్కేశాం, చూడ్డానికి ఎవరూ పెద్దగా పోలేదు. దాని గురించి మాట్లాడితే నాకు గొంతు పూడుకుంటుంది, వదిలేస్తాను.

టైమైపోయిందని చీటీ వచ్చింది. ఒక్క నిమిషం.

వచ్చే ఆదివారం మేం ఆరుగురం వెళ్తున్నాం, ఇంకో ఎనిమిది మందికి చోటుంది. ఇందాక చెయ్యెత్తినవాళ్లు కాదు, ఎత్తనివాళ్లకే. పోటు ఎప్పుడు తీస్తుందో శనివారం సాయంత్రం అడిగి చెప్తాను, తెల్లారి ఐదైనా కావొచ్చు, మధ్యాహ్నం రెండైనా కావొచ్చు, అది మన చేతిలో లేదు. పాత చెప్పులు వేసుకోండి, వెనక పట్టీ ఉన్నవి. నీళ్ల సీసా తెచ్చుకుని, ఖాళీ సీసా ఇంటికే పట్టుకెళ్లండి. చలికాలం మొదలవుతోంది, వలస వచ్చే ఉల్లంకి పిట్టలు దిగాయేమో చూద్దాం, బైనాక్యులర్స్ నా దగ్గర రెండున్నాయి. పులిహోర నేను తెస్తాను. స్పీకరు తెచ్చేవాళ్లుంటే వాళ్లని బస్సులో నా పక్కనే కూచోబెట్టుకుంటాను.

పేర్లు ఇటు తలుపు దగ్గర రాయించండి.